మూడోసారి అడిగేలోపు

“ఈ సీసాలు పుచ్చుకోమంటావా తల్లీ?”

పెళ్లికొడుకు వాళ్లు తెచ్చిన మందు సీసాలు చూపిస్తూ ఫ్రింపాంగ్ మేనకోడల్ని అప్పటికి రెండుసార్లు అడిగాడు. సెర్వా రెండుసార్లూ తలవంచుకుని “ఊఁ” అంది. మూడోసారి కూడా అనేస్తే పెళ్లి అయిపోయినట్టే. ఆ మూడో “ఊఁ” మాత్రం వీడియో కాల్‌లో కళ్లారా చూడాలని ఇటలీలో ఉన్న పెళ్లికొడుకు పట్టుబట్టాడు.

సరిగ్గా అప్పుడే అతని అక్క ఫోన్‌లో నెట్ పోయింది.

“రాత్రి అప్‌డేట్ అడిగితే నొక్కానండీ. పొద్దున్నుంచీ వస్తూ పోతూ ఉంది,” అందావిడ బిక్కమొహం వేసి.

మాంపాంగ్ ఊళ్లో ఎండ మాడ్చేస్తోంది. సీసాలు పుచ్చుకోందే ఎవరూ మెతుకు ముట్టకూడదు. లేచి వెళ్లిపోవడం మర్యాద కాదు. వంటింట్లోంచి జొల్లోఫ్ అన్నం ఘుమఘుమలాడుతోంది. పందిరి కింద రెండు కుటుంబాలూ బోనులో పడ్డట్టు ఇరుక్కుపోయాయి.

అందరికన్నా ఎక్కువ ఇరుక్కున్నది ఫ్రింపాంగే. ఈ సంబంధం కోసం ఆయన కాళ్లరిగేలా తిరిగాడు. కాసేపైతే పెళ్లికొడుకు ఫ్యాక్టరీ డ్యూటీకి వెళ్లిపోతాడు. ఈ రోజు తప్పితే వాళ్లు వేరే పిల్లను చూసుకుంటారు. ఊళ్లో తలెత్తుకోవడం ఎలా?

ఇంతలో లారీ స్టేషన్ దగ్గర ఫోన్లు బాగుచేసే అన్సు వచ్చాడు. చచ్చిన ఫోన్‌కైనా ప్రాణం పోస్తాడని పేరు. బటన్ల ఫోన్ తప్ప ఎరగని ఫ్రింపాంగ్‌కి అతనితో ఎప్పుడూ పనిపడలేదు.

“నాయనా, నీ చేతిలో ఉంది మా పరువు,” అన్నాడు.

అన్సు ఫ్లైట్ మోడ్ పెట్టి తీశాడు. ఫోన్ ఆపి మళ్లీ వెలిగించాడు. సిమ్ తీసి చొక్కాకి తుడిచి పెట్టాడు. నెట్ సెట్టింగులన్నీ చెరిపేసి మళ్లీ కొట్టాడు. ఏం చేసినా బొమ్మ రాలేదు.

“పోనీ, నా ఫోన్‌తో చెయ్యవయ్యా,” అని ఒకాయన తనది ఇచ్చాడు. అన్సు చేతిలో పడగానే అదీ మూగబోయింది. తరవాత ఇంకొకావిడదీ అంతే.

“వీటిక్కూడా అదే అప్‌డేట్ వచ్చిందమ్మా,” అన్నాడు అన్సు చెమట తుడుచుకుంటూ.

“నువ్వు ఫోన్లు బాగుచేస్తావా, టమాటాలు అమ్ముతావా?” ముసలమ్మలు ఎగతాళి చేశారు.

సెర్వా కొంగులో మొహం దాచుకుంది. భుజాలు అదిరిపోతున్నాయి. పాపం, పిల్ల ఎంత ఆశ పెట్టుకుందో అని ఫ్రింపాంగ్ గుండె తరుక్కుపోయింది.

చివరికి పెళ్లికొడుకు అక్క లేచింది.

“మా తమ్ముడు డ్యూటీకి వెళ్లిపోయి ఉంటాడు పెద్దాయనా. మొదటిరోజే ఇలా అడ్డంపడితే ఇది కలిసొచ్చే సంబంధం కాదు. మా సీసాలు మాకిచ్చెయ్యండి.”

ఫ్రింపాంగ్ బతిమాలాడు. చేతులు పట్టుకున్నాడు. అయినా సీసాలు గుమ్మం దాటిపోయాయి. ఆయన కోపమంతా అన్సు మీదికి మళ్లింది.

“పనికిమాలిన వెధవా! మా పిల్ల బతుకు బుగ్గిచేశావు కదరా! అసలు వీణ్ణి పిలిచిందెవరు?”

“నేనే మామయ్యా,” అంది సెర్వా కొంగు తీసి, “పోయినేడు నన్నిమ్మని అడగడానికి మన తలుపు తడితే, మొహమైనా చూడకుండా మీరు సీసాతో సహా తిప్పి పంపింది ఈయన్నే.”