శర్మిల రాసిన అప్పీలు

“వయసు మొదటే రాయి. పదిహేడేళ్ల ఏడు నెలలు. కొట్టొచ్చినట్టు కనపడాల,” అన్నాడు రవీంద్రన్.

“ఎందుకంత గట్టిగా నాయనా?”

“పద్దెనిమిది నిండనోళ్లంటే వాళ్లకి జాలి ఎక్కువ.”

శర్మిల కాగితం మీదకి వంగింది. ఆ ఇంట్లో అప్పీలంటే శర్మిలే. పార్కింగ్ ఫైన్ మాఫీ చేయమని ఒకటి, ఆస్పత్రి బిల్లు తగ్గించమని ఒకటి, ఎన్ని రాసిందో! ఒక అప్పీలు పడేస్తే సింగపూర్‌లో కాని పని ఉండదని టాంపినీస్‌లో వాళ్ల బ్లాకు బ్లాకంతా నమ్ముతుంది. పదహారేళ్లుగా ఇక్కడ వ్యాను తోలుతున్నా రవీంద్రన్‌కి ఇంగ్లీషు రాయమంటే జ్వరమొస్తుంది. అందుకే తండ్రి చెప్పడం, కూతురు రాయడం. ఈసారి మాత్రం కంప్యూటర్ వద్దు, చేత్తోనే రాయమన్నాడు.

ఈసారి అప్పీలు శర్మిల కోసమే. తల్లి పైడమ్మకి వారంలో మూడు రోజులు డయాలసిస్. అది ముగిశాక నాలుగడుగులు వేస్తే చాలు, ఆవిడకి కళ్లు తిరుగుతాయి. లాండ్రీ కంపెనీ వ్యానులో ఊరంతా తిరిగే రవీంద్రన్ ఎలాగో వీలు చేసుకుని వచ్చి ఇంటికి తేవాలి. శర్మిలకి తోలడం వచ్చు. సెలవుల్లో మలేషియాలోని జొహోర్ వెళ్లి మామ కారు మీద నేర్చుకుంది. అక్కడ బావ దేవన్‌కి పదిహేడుకే లైసెన్సు వచ్చేసింది, ఇక్కడేమో పద్దెనిమిది నిండాలి. కష్టాల్లో ఉన్న ఇళ్ల పిల్లలకి సడలింపు ఉందని రవీంద్రన్ నిన్ననే ఎక్కడో విని వచ్చాడు. వినగానే శర్మిల ఎగిరి గంతేసింది.

“ఇంక రాయి. మంగళవారం నాలుగింటికి, అమ్మని తేడానికి, నేనే వ్యాను తీశాను. మార్కెట్ పక్క రోడ్డులోంచి పోయాను.”

“నేనెక్కడ తీశాను? నువ్వు కదా పోయింది!”

“నీకు తోలడం వచ్చనీ, ఇంట్లో ఇంత కష్టముందనీ వాళ్లకెలా తెలుస్తాది మరి?”

“అబద్ధం కదా నాయనా! కాన్‌నాట్ లా, నేను రాయను!”

“మీ అమ్మని చూసి ఆ మాట అను.”

సోఫాలో పైడమ్మ సూదులతో ఉబ్బిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. శర్మిల ఆ చేతివైపు చూసింది. ఆయన చెప్పినట్టే రాసేసింది.

“నాయన నిద్రపోతుంటే తాళాలు తీసుకున్నాను, ఆయనకి తెలీదు అని కూడా రాయి.”

“అదెందుకు?”

“నేనే ఇచ్చానంటే నా లైసెన్సు పీకేస్తారు. నా పని పోతే మీ అమ్మ ఏమైపోవాల?”

అదీ నిజమే అనిపించింది శర్మిలకి.

“ఆవేళ గంటన్నర కాచుకున్నాను,” అంది పైడమ్మ నీరసంగా. “తీరా చూస్తే టాక్సీలో వచ్చావు. వ్యానేదంటే చెప్పవు.”

“వర్క్‌షాపులో ఉందని చెప్పలా? నోర్మూసుకుని పడుకో!”

మంగళవారం నుంచి రవీంద్రన్‌కి అన్నం సయించడం లేదు. నోరు తెరిస్తే కసురుడే. అమ్మ జబ్బే ఆయన్ని తినేస్తోందని శర్మిల అనుకుంది. పాపం నాయన అని లోలోపల బాధపడింది కూడా.

“చివర్న, భయమేసి వెళ్లిపోయాను, క్షమించండి అని పెట్టు.”

“భయమేంటి?”

“లైసెన్సు లేకుండా తోలావు కదా. భయపడ్డట్టుంటేనే మంచిపిల్ల అనుకుంటారు.”

శర్మిల నవ్వుతూ సంతకం చేసింది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోస్టు వద్దు, తానే వెళ్లి ఇస్తానన్నాడు.

శుక్రవారం సాయంత్రం యూనిఫాంలో ఇద్దరు వచ్చి తలుపు తట్టారు. ఇంటర్వ్యూకి ఇంటికే వచ్చారనుకుని శర్మిల గబగబా జుట్టు సర్దుకుంది. మంచినీళ్లు తెచ్చిచ్చింది. వాళ్లు ముట్టుకోలేదు.

“ఇది నువ్వే రాశావా?” ఆడ ఆఫీసరు కాగితం చూపించింది.

“అవును మేడమ్.”

“ఎవరైనా బలవంతం చేశారా?”

శర్మిల తండ్రివైపు చూసింది. ఆయన తలెత్తలేదు. ఇప్పుడు తడబడితే చేతికొచ్చింది పోతుందని గుండె చిక్కబట్టుకుంది.

“లేదు మేడమ్. వ్యాను నడిపింది నేనే.”

ఎక్కడా గొంతు వణకకుండా చెప్పినందుకు తన మీద తనకే ముచ్చటేసింది. ఆ ఊపులోనే అడిగేసింది. “అయితే లైసెన్సు ఇస్తారా మేడమ్? అమ్మని రేపట్నుంచి నేనే తీసుకెళ్లొచ్చా?”

“ఏ లైసెన్సు?” ఆఫీసరు ఆమెని వింతగా చూసింది. “పద్దెనిమిది లోపు ఇక్కడ ఎవరికీ ఏ సడలింపూ లేదు.”

శర్మిల అయోమయంగా తండ్రివైపు తిరిగింది. ఆయన గోడవైపు తిరిగిపోయాడు.

“మంగళవారం నువ్వు గుద్ది వదిలేసి పోయిన పెద్దాయన ఈ పొద్దున చనిపోయాడు.”