కణాల పుట్టుపూర్వోత్తరాలు

"ఎవర్నడిగి పంపించావు నా కణాల్ని?" అన్నాడు ప్రొఫెసర్, ఇంకా చింపని కవరొకటి బల్ల మీద పడేసి.

ఆ కవరు బయటి ల్యాబ్ నుంచి వచ్చింది. మనుషులకు వేలిముద్రలున్నట్టే కణాలకూ గుర్తులుంటాయి. ఏ కణం ఎవరి ఒంట్లో పుట్టిందో ఆ ల్యాబ్ వాళ్లు తేల్చి చెబుతారు. రొమ్ము క్యాన్సర్ మీద పరిశోధన చేసే ఈ ల్యాబ్‌లో అలాంటి పరీక్ష ఇంతవరకూ ఎవరూ చేయించలేదు. చేయించడమంటే ప్రొఫెసర్ గారిని శంకించడమే. ఆ పాపం ఇప్పుడు జూనియర్ అమ్మాయి మూటగట్టుకుంది.

వారం వారం జరిగే మీటింగ్ అది. బల్ల చుట్టూ ఉన్న మిగతా ఏడుగురూ తలలు వంచుకుని, ఖాళీ నోటు పుస్తకాలు మహా శ్రద్ధగా చదువుతున్నారు.

"అడిగితే వద్దంటారని అడగలేదు సార్" అంది అమ్మాయి. "సోమవారం నుంచి మా పిన్ని మీ మందు మొదలుపెడుతోంది. ఈలోగా నాకు తెలియాలి."

పిన్నికి రెండేళ్ల క్రితం రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. హార్మోన్‌ని అడ్డుకునే మాత్ర రోజుకొకటి వేసుకుంటూ నిక్షేపంలా తిరుగుతోంది. ప్రొఫెసర్ కనిపెట్టిన కొత్త మందును ఆసుపత్రిలో కొందరికి ఇచ్చి చూస్తారట. అందులో చేరాలంటే పాత మాత్ర మానెయ్యాలి. మా అమ్మాయి పనిచేసే చోటే కదా అన్న ధీమాతో పిన్ని చదవకుండానే సంతకం పెట్టేసింది. ఆ సంతకం చూసిన దగ్గర్నుంచి అమ్మాయికి అన్నం సయించడం లేదు. ఎందుకంటే ఆ మందు ప్రొఫెసర్ కణాల మీద పనిచేస్తోంది గానీ, ఆమె వేరే చోటి నుంచి తెప్పించిన అదే రకం కణాల మీద మూడుసార్లు వేసినా పనిచెయ్యలేదు.

"ఆడలేక మద్దెల ఓడు అందిట నీలాంటిదే" అన్నాడు ప్రొఫెసర్.

ఏడుగురూ నవ్వారు. నవ్వమన్నప్పుడు నవ్వడం ఆ ల్యాబ్‌లో మొదటి ఏడాదే నేర్పిస్తారు.

తర్వాత ఉపన్యాసం మొదలైంది. పదకొండేళ్లుగా ఆ కణాలను తన చేత్తో పెంచుతున్నానన్నాడు. హార్మోన్ చుక్క పోస్తే పెరుగుతాయి, తన మందు పోస్తే ముడుచుకుపోతాయి, ఇంకేం రుజువు కావాలన్నాడు. ఎలుకలకు ఎక్కించినవీ అవే కణాలు, పద్నాలుగు పరిశోధన పత్రాలకు ఆధారమూ అవే అన్నాడు. ఎక్కడినుంచో తెచ్చిన కణాలకు మందు పనిచెయ్యకపోతే అది ఆ కణాల అప్రయోజకత్వమేనట. ప్రొఫెసర్ గారు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగో కాలు చూశామన్నవాళ్లు ఆ ల్యాబ్‌లో ఎక్కువ కాలం మిగలలేదు.

"మన కణాలు కూడా సార్ లాంటివే. ఇంకొకరి మాట వినవు" అన్నాడు పక్కనున్న సీనియర్. ఈయనకు ల్యాబ్‌లో తందాన అని పేరు. తన మాట పొగడ్తేననుకున్నాడు పాపం.

ప్రొఫెసర్ కవరును అమ్మాయి ముందుకు తోశాడు. "చింపు. అందరికీ వినిపించేలా చదువు. చదివాక ఆ తెల్లకోటు గుమ్మం దగ్గర తగిలించి ఇంటికెళ్లు."

అమ్మాయి చింపింది. మొదటి పేజీ లోలోపల చదువుకుంది. మళ్లీ చదువుకుంది.

"గొంతు పెగలడం లేదా?" అన్నాడు ప్రొఫెసర్.

"ఇవి రొమ్ము క్యాన్సర్ కణాలు కావు సార్" అంది. "అసలు ఆడమనిషి కణాలే కావు. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలు."

మగవాళ్లకు మాత్రమే వచ్చే జబ్బు అదని అక్కడెవరికీ చెప్పక్కర్లేదు. అవీ హార్మోన్‌కి పెరిగే రకమే కాబట్టి ఇన్నేళ్లూ తేడా తెలియలేదు. మూలనున్న ముసలి టెక్నీషియన్ ఒక్కడే నోరు విప్పాడు. పక్క గదిలో పెంచేవి ప్రోస్టేట్ కణాలనీ, ప్రొఫెసర్ గారు రెండింటికీ ఒకే సీసాలోంచి పోషకద్రవం పోసేవారనీ, సీసాలు విడిగా పెడదామంటే వంట ఒకటే అయినప్పుడు గిన్నెలెందుకని తనను కసిరారనీ, నేలచూపులు చూస్తూ చెప్పాడు. ఒక్క చుక్క ఇటు పడితే చాలు. ఆ చుక్కలో వచ్చినవి ఇల్లంతా ఆక్రమించుకుని, అసలువాళ్లను ఎప్పుడో వెళ్లగొట్టాయి.

తందాన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. అతని పట్టా కూడా ఆ కణాల మీద వచ్చిందే.

ప్రొఫెసర్ కాగితం లాక్కుని చివరిదాకా చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. అమ్మాయికి తనమీద తనకే కోపం వచ్చింది, ఇంతసేపూ తనను కాల్చుకుతిన్న మనిషి మీద జాలి కలుగుతున్నందుకు. పదకొండేళ్ల చాకిరీ ఒక్క కాగితంతో బూడిదలో పోసిన పన్నీరైతే ఎవరికైనా కష్టమే కదా అనుకుంది.

"మీ పిన్నిని పాత మాత్రలే వేసుకోమని చెప్పు. ఈ మందు వద్దు" అన్నాడు ప్రొఫెసర్, మెల్లగా.

అమ్మాయికి ఏడుపొచ్చినంత పనైంది. పిన్ని బతికిపోయింది. ఈయనలోనూ ఓ మూల మనిషున్నాడు. ఇన్నాళ్లూ ఈయన్ని తిట్టుకున్న తిట్లన్నీ వెనక్కి తీసుకోవాలనిపించింది. థాంక్స్ సార్ అనబోయింది.

ప్రొఫెసర్ అప్పటికే కలం తీశాడు. ఆసుపత్రికి పంపాల్సిన మందు పరీక్ష కాగితాలు ముందుకు లాక్కుని, రొమ్ము అన్న చోటల్లా కొట్టేసి, పైన చక్కటి అక్షరాలతో ప్రోస్టేట్ అని రాస్తూ, తలెత్తకుండానే అడిగాడు:

"మీ బాబాయి ఆరోగ్యం ఎలా ఉందమ్మా?"