కుర్చీ వెనక మనిషి

"వెనక్కి తియ్. మళ్ల చెయ్. జర నిమ్మళంగ."

కుర్చీ వెనక నుంచి మట్టయ్య గొంతు. వనిత చేతిలో మౌస్ ఆగిపోయింది. తెర మీద ఉన్నది దామరచర్లలో రేపు తెరవబోయే బట్టల షాపు ఫ్లెక్సీ. షాపు పేరుకు ఆమె ఇప్పుడే పసుపు రంగు వేసింది. పొద్దుటి నుంచి అదే పేరుకు అదే రంగు వేయడం ఇది నాలుగోసారి.

"బాగలేదా సార్?"

"బాగనే ఉంది. ఒక్కసారి ఎర్రగ చేసి, మళ్ల పసుపు చెయ్."

చేసింది. ఆకుపచ్చ అన్నాడు. పువ్వును ఎడమకు జరపమన్నాడు, కుడికి తెమ్మన్నాడు, చిన్నది చేయమన్నాడు. అన్నీ అయ్యాక తీరిగ్గా, "మొదాలు చేసిందే ఉంచు" అన్నాడు. ఎప్పుడూ ఇదే వరస. మొన్న ఓ పుట్టినరోజు ఫ్లెక్సీలో ఒక్క బెలూన్‌ను పదకొండుసార్లు పెద్దది చేయించి, పదకొండుసార్లు చిన్నది చేయించాడు. తాను మాత్రం మౌస్ ముట్టడు. పెద్దవాళ్ళకు పని చెప్పడమే పని కదా!

మిర్యాలగూడలో మట్టయ్య ఆర్ట్స్ తెలియనివాళ్ళు లేరు. ఊళ్ళో సగం రైస్ మిల్లుల గోడల మీద అక్షరాలు ఆయన కుంచె రాసినవే. అంత చేయి తిరిగిన మనిషి దగ్గర పని దొరికిందని త్రిపురారం నుంచి సంబరంగా బస్సెక్కి వచ్చింది వనిత. ఐదు నెలల్లో ఆ సంబరం కాస్తా ఆవిరైపోయింది. తనకు పని రాదని ఆయన అనుకుంటున్నాడని మొదట్లో ఉక్రోషపడేది. ఈమధ్య నిజంగానే తనకు పని రాదేమోనని అనుమానం పట్టుకుంది. ఆ అనుమానమే ఆమెను లోలోపల తినేస్తోంది. నిన్న కోదాడ నుంచి ఓ ఫ్లెక్సీల షాపువాళ్ళు పనిలోకి రమ్మని ఫోన్ చేశారు. సాయంత్రంలోగా ఏ సంగతో చెప్పాలి.

పసుపు రంగు మళ్ళీ వేసి వనిత చకచకా కింది వరసలోకి దిగింది.

"గంత జల్ది ఎందుకు? నువ్వేం జేస్తున్నవో నాకు కనవడాలె" అన్నాడు మట్టయ్య, స్టూలు ముందుకు లాక్కుంటూ.

ఓపికకూ ఓ హద్దుంటుంది. వనిత మౌస్ వదిలేసి కుర్చీ ఇటు తిప్పింది.

"సార్, నా మీద నమ్మకం లేదా?"

"గట్లెందుకంటవ్ బిడ్డా?"

"పొద్దందాక మీరు నెత్తి మీద ఉంటె నాకు చేతులాడుతలేవు సార్. నిద్రల గూడ 'వెనక్కి తియ్, మళ్ల చెయ్' అనే వినవడుతున్నది. ఒక్క గంట బయట కూసోండ్రి. చెడిపోతె నన్నడుగుండ్రి."

మట్టయ్య స్టూలు ఎత్తుకుని బయటికెళ్ళి మెట్ల పక్కన కూర్చున్నాడు. తండ్రి వయసు మనిషిని అంత మాట అన్నందుకు వనిత మనసు చివుక్కుమంది.

కానీ అత్త లేని కోడలు ఉత్తమురాలు అన్నట్టు, వెనక ఎవరూ లేకపోయేసరికి ఆమె వేళ్ళకు ఎక్కడలేని హుషారొచ్చింది. పువ్వులన్నీ తీసేసింది. పట్టుచీర అంచు ఒకటి తెచ్చి ఫ్లెక్సీ చుట్టూ తోరణంలా కట్టింది. షాపు పేరును రెండింతలు చేసింది. మధ్యలో రెండుసార్లు మట్టయ్య తల తలుపు సందులో కనిపించింది. ఆమె అటు చూడగానే మాయమైంది. గంట అడిగిన పని అరగంటలో అయిపోయింది.

నాలుగింటికి బట్టల షాపు శైలజ వచ్చింది. తెర ముందు నిలబడి రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకుంది.

"అబ్బ, ఎంత ముద్దుగున్నది! గిదే ప్రింట్ తియ్యుండ్రి. ఒక్క అక్షరం గూడ మార్చొద్దు."

ఐదు నెలల్లో మొదటిసారి వనితకు కడుపు నిండినట్టనిపించింది. వెళ్తూ వెళ్తూ శైలజ మెట్ల దగ్గర ఆగింది.

"మీ పిల్ల చేయి మంచిగున్నది మట్టన్నా."

"నాకు మొదటి రోజు సందే ఎరుక" అన్నాడు మట్టయ్య.

లోపల వనితకు ఆ మాట స్పష్టంగా వినిపించింది. ఎరుకా? తెలిసి తెలిసీ ఇన్నాళ్ళు ఇలా వేపుకు తిన్నాడా? కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. శైలజ బండి మలుపు తిరగగానే బయటికొచ్చింది.

"సార్, నేను కోదాడ పోత. నెలాఖరు దాక వస్త."

మట్టయ్య వడ్ల లారీలు పోతున్న రోడ్డు వైపు తిరిగాడు.

"పో బిడ్డా, కాదనను. తప్పు నాదే. గిట్ల నా నెత్తి మీద ఎవడన్న నిలవడితె నేనైతె కుంచె ఇసిరి కొట్టేటోణ్ణి."

"మరెందుకు నిలవడ్డరు సార్? నా పని మంచిగుంటదని ఎరికేనాయె!"

మట్టయ్య అటూ ఇటూ చూశాడు. దగ్గర్లో ఎవరూ లేరని నమ్మకం కుదిరాక గొంతు తగ్గించాడు.

"ముప్పై ఏండ్లు బోర్డులు రాసినోణ్ణి, నిన్నడుగుదమంటె సిగ్గాయె. ఇగ పోతున్నవ్ గాబట్టి అడుగుత. పసుపు రంగును ఎర్రగ చేసేటప్పుడు ఏ బటన్ నొక్కుతున్నవ్ బిడ్డా? ఐదు నెలల సంది ఎనక నిలవడి సూస్తున్న, దొరుకుతనే లేదు."