అర్ధగంట

“ట్రాక్టరు కింద పడి ఎంతసేపయింది?” సిరంజిలోకి మందు ఎక్కిస్తూనే అడిగింది నర్సు గౌతమి.

“ఇప్పుడే మేడం. అర్ధగంట,” అంది కదిరమ్మ, కొడుకు ఓబిలేష్ తల వదలకుండా.

గౌతమికి ప్రాణం లేచొచ్చింది. నెత్తురు ఆపే ఆ మందు, దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు వేస్తేనే కాపాడుతుంది. దాటితే అదే ప్రాణం మీదికి తెస్తుంది. ఆస్పత్రిలో జరిగే పరిశోధన కోసం ఆ టైములు రాసేది కూడా తనే.

ఓబిలేష్ ప్యాంటు కత్తిరించింది. తొడ మీద కోడిగుడ్డు సొన ఎండి పెచ్చులు కట్టింది. పక్కనే వెదురుబద్దలు ఒత్తుకున్న గుర్తులు.

గౌతమి చెయ్యి ఆగిపోయింది. “నాటుకట్టు కట్టించినారా? ఎన్ని గంటలయిందమ్మా?”

“అర్ధగంటే మేడం.”

“అబద్ధమైతే ఈ సూదే వాన్ని చంపుతుంది!”

కదిరమ్మ సిరంజి ఉన్న చేతిని గట్టిగా పట్టుకుంది. “పొద్దున ఏడుకు పడినాడు. కట్టు కట్టించినా నెత్తురు ఆగల్యా. దావలో ఊడదీసి పారేసినాము.”

గోడ గడియారం పన్నెండు చూపిస్తోంది.

“ముందే చెప్పేదానికేమి?”

“పోయిన నెల మా మరిదిని ఆలస్యంగా తెచ్చినామని అందరి ముందరా అరిస్తివి కదమ్మా. ఆ పొద్దే చుట్టుపక్కల ఊర్లన్నిటికీ చెప్పినాము, ఈడ అర్ధగంటనే చెప్పండని.”

గౌతమి సూది పక్కన పడేసి డాక్టరును కేకేసింది. స్ట్రెచర్ ఆపరేషన్ గదిలోకి పోయింది.

బల్ల మీద రిజిస్టరు తెరిచే ఉంది. ఈ నెలంతా అర్ధగంట, అర్ధగంట, అర్ధగంట. ‘జనం మారినారు సార్’ అని మొన్ననే డాక్టరుకు గర్వంగా చూపించింది.

వాళ్లందరికీ ఈ సూది వేసింది తనే.