బియ్యపు గింజ మోసే చీమ

"ఈ రోజు వంట లేదు. ఇళ్ళకు పోయి తినండి."

భోజనాల గదిలో బోర్డు మీద సుద్దతో రాసిన ఆ ముక్క చదివి కుట్టుపనివాళ్ళంతా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వంటగదిలోంచి ఘుమఘుమలు వస్తుంటే ఇదేం విడ్డూరం!

అప్పుడే కత్తెర మాస్టారు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అలవాటుగా బోర్డు వైపు తలెత్తాడు.

"ఆహా! పాలకూర, వేయించిన చేప. క్యారెట్టక్క ఇవాళ మనసు పెట్టి వండింది!"

గది గదంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది.

గుమ్మంలో నిలబడ్డ క్యారెట్టక్క మాత్రం తల పంకించింది. "అనుకున్నదే! ఇన్నాళ్ళూ మీరు బోర్డు చదివింది ముక్కుతోనన్నమాట."

మాస్టారి ముఖం కందగడ్డయింది.

అసలు వంటమనిషి కూతురి పురుడికి వెళితే, నెల రోజులకని వచ్చిందావిడ. సీసా అడుగంత మందం కళ్ళద్దాలు. రోజూ బోర్డుకు ముక్కు ఆనించి ఆ పూట వంటకాలు రాసేది. చివర బియ్యపు గింజ మోసుకుపోతున్న బుల్లి చీమ బొమ్మ ఒకటి గీసేది.

"చీమ కనిపించిందా?" అని అందరినీ అడిగి మరీ వడ్డించేది.

"ఓ, భేషుగ్గా!" అనేవాడు మాస్టారు, అందరికంటే ముందుగా.

ఏ పూట చూసినా క్యారెట్టు, గుమ్మడికాయ, ఆకుకూరలు, గుడ్డు. "సూది పని చేసే కళ్ళు. వాటికీ తిండి పెట్టాలిగా! పచ్చి క్యారెట్టు కొరికితే చాలదు, కాస్త నూనె తగిలితేనే ఒంటబడుతుంది" అని కొసరి కొసరి పెట్టేది. పేరు అలా పడింది.

ఆ మధ్యాహ్నం మాస్టారు సగం భోజనంలోనే లేచిపోయాడు. నవ్వినందుకు కాదు ఆయన బాధ. చూపు తగ్గిన దర్జీ చేతిలో కత్తెర ఎవరు ఉంచుతారు? రెండేళ్ళుగా గుండెల్లో దాచుకున్న గుట్టు అది. కొలతలు వేళ్ళకు తెలుసు కాబట్టి ఎలాగో నెట్టుకొస్తున్నాడు.

క్యారెట్టక్క గిన్నె పట్టుకుని ఆయన బల్ల దగ్గరికే వచ్చింది.

"తిండి మీద అలగకండి మాస్టారూ. ఈ ఆకుకూర ఉన్న చూపును కాపాడుతుంది. తగ్గిన చూపుకు డాక్టరు దగ్గరికే పోవాలి. రెండూ చెయ్యండి."

"సూది పని గురించి నీకేం తెలుసు? వెళ్ళి గరిటె తిప్పుకో!"

ఆవిడకు కోపం రాలేదు. పకపకా నవ్వింది. "అదీ నిజమే. గరిటె అయితే పెద్దది, బాగా కనిపిస్తుంది."

మాస్టారు ముఖం తిప్పుకుని, ఎదురుగా గోడ మీద ఎత్తున ఉన్న అద్దాల ఫ్రేము వైపు చూశాడు. అందులో పాత గుడ్డ మీద కుట్టిన పూలతీగ ఉంది. యజమానురాలి తల్లి ఎప్పుడో కొన్నది. కుట్టిన చెయ్యి ఎవరిదో ఎవరికీ తెలియదు. రెండేళ్ళ కిందట దాన్ని అక్కడ తగిలించిన రోజు నుంచీ దానికో దణ్ణం పెట్టనిదే మాస్టారు కత్తెర ముట్టడు. దూరం నుంచి మసక మసగ్గా కనిపించినా, ఆ తీగ విరుపు ఆయన్ని కట్టిపడేసేది.

"పని అంటే అదీ! ఆ చేతుల కాలి గోటికి సరిపోతే చాలు నా జన్మ ధన్యం" అని గొణుక్కున్నాడు.

"చేతుల కాలి గోరా!" అని క్యారెట్టక్క మళ్ళీ నవ్వి, గిన్నె అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం యజమానురాలు పిలిచింది. మాస్టారు కత్తెరను ఆఖరిసారి అన్నట్టు తడిమి, బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

"రేపు సెలవు తీసుకుని కళ్ళు చూపించుకోండి. మీ కత్తెర ఎక్కడికీ పోదు" అందామె. "మిమ్మల్ని తిట్టొద్దని క్యారెట్టక్క నాకు ముందే వార్నింగిచ్చింది."

మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు.

వారం తర్వాత కొత్త కళ్ళజోడుతో వచ్చాడు. చిన్నపిల్లాడి సంబరం! సూదిలో దారం తనే ఎక్కించి అందరికీ చూపించాడు. బొత్తాలు కుట్టే ఆమెను "నీకు చెంప మీద పుట్టుమచ్చ ఉందా!" అని అడిగి తిట్లు తిన్నాడు. అందరూ నవ్వారు, అందరికంటే ఎక్కువగా ఆయనే నవ్వాడు.

"క్యారెట్టక్క ఏది? ముందు ఆవిడకు చూపించాలి."

"నెలయిపోయిందిగా, నిన్ననే వెళ్ళిపోయింది. ఊరు కూడా చెప్పలేదు."

మాస్టారు భోజనాల గదికి పరుగెత్తాడు. బోర్డు ఇంకా ఎవరూ తుడవలేదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని బిగ్గరగా చదివాడు. గుమ్మడికాయ, మెంతికూర, ఉడికించిన గుడ్డు. చివర బియ్యపు గింజతో చీమ.

"కనిపించింది అక్కా!" అన్నాడు ఖాళీ గదిలో.

నవ్వుకుంటూ వచ్చి, దణ్ణం పెట్టుకోవడానికి ఫ్రేము వైపు తిరిగాడు. పూలతీగ కొసన ఏదో నల్లగా ఉంది. చీమ పట్టింది కాబోలనుకుని, స్టూలెక్కి వేలితో దులిపాడు.

అది కదల్లేదు. అద్దం లోపల, నల్ల దారంతో కుట్టిన ఆ చీమ తెల్ల దారపు బియ్యపు గింజను వీపున మోసుకుంటూ పోతోంది.