చివర్లో తేనె

"నీ ముక్కు పనిచేస్తోందా, లేదా? ఉన్నమాట చెప్పమ్మా!"

కాఫీపొడి కంపెనీ యజమాని ఆదివారం పొద్దున్నే ఆమె వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. యజమాని మన గడప తొక్కితే అది చుట్టపుచూపు కాదు, సోదా. కంపెనీలో ఆమె పని రుచి చూడటం. ఆమె బాగుందంటేనే పొడి పొట్లాల్లోకి వెళ్తుంది. ఆ మధ్య వచ్చిన జ్వరం పోతూ పోతూ వాసనా రుచీ రెండూ పట్టుకుపోయింది. నెల దాటింది. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

"బాగానే ఉంది సార్. గిట్టనివాళ్లెవరో..."

"ఎవరి మాటా నాకక్కర్లేదు. నా నాలుకే నాకు సాక్షి." పొట్లం బల్ల మీద పడేశాడు. "కొత్త తోట గింజ. ఇప్పుడే పెట్టు. పాలొద్దు, చక్కెరొద్దు. రుచి నువ్వూ చెప్పు, నేనూ చెప్తా. రెండూ కలిస్తే సరే. లేదంటే, పోయిన నెల ఇద్దరిని పంపించాను, తెలుసుగా? మొద్దు నాలుకలకి నేను జీతాలివ్వను."

తెలుసు. ఇరవై ఏళ్లు చేసినవాళ్లను ఇరవై నిమిషాల్లో గేటు దాటించాడు.

కెటిల్లో అప్పటికే సగానికి నీళ్లు కనిపిస్తే ఆమె స్విచ్ నొక్కింది. వాసన తెలియని ముక్కుతో కాఫీ పెట్టడమంటే కళ్లకు గంతలు కట్టుకుని సూదిలో దారం ఎక్కించడమే. పొడి తూచింది. కాస్త ఒలికితే మళ్లీ తూచింది. నీళ్లు తెర్లాక ముప్ఫై లెక్కపెట్టి, పొడి తడిసేంత మాత్రమే పోసి ఆగింది. తర్వాత సన్నటి ధారగా, చుట్టూ తిప్పుతూ పోసింది. ముక్కు చచ్చినా చెయ్యి చావలేదు. వడపోత కాగితం కింద నల్లటి చుక్కలు పడుతున్నాయి. ఒకప్పుడు మొదటి చుక్కకే ఇల్లంతా ఘుమఘుమలాడేది. ఇప్పుడు ఏమీ లేదు.

రెండు కప్పుల్లో పోసింది. తనది ఒక గుక్క తాగింది. గొంతులో చురుక్కుమంది. భయం కాబోలు అనుకుంది.

"ఊఁ, చెప్పు."

"పెద్దవారు... ముందు మీరు చెప్పండి సార్."

"అమ్మో, గడుసుదానివే!"

ఆయన కప్పు ముక్కు కిందకు తెచ్చుకుని కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపటికీ తెరవడే! అద్దె ఇల్లు, పిల్లల చదువు, రేపటి గేటు, అన్నీ ఆ కప్పులోనే తిరుగుతున్నాయి. ఆయన జుర్రుమని చప్పరించి, నోరంతా తిప్పి, మింగాడు.

"ఆహా! ముందు కమ్మదనం, చివర్లో తేనె. తగులుతోందా?"

"తగులుతోంది సార్. అచ్చం తేనే."

"అదీ! నీ మీద చాడీలు మోసినవాళ్ల సంగతి రేపు తేలుస్తాను. ఏదీ, ఇంకో కప్పు పొయ్యి."

రెండోదీ అడుగంటా తాగి లేచాడు. కారు సందు మలుపు తిరిగాకగానీ ఆమెకు ఊపిరి ఆడలేదు. గోడకు చేరగిలబడి ఒక్కతే నవ్వుకుంది.

అంతలో కూరగాయల సంచితో వచ్చిన భర్త గుమ్మంలోనే ఆగిపోయి, చొక్కా అంచు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏం చేశావు ఇంట్లో?"

"కాఫీ! మా యజమాని వచ్చి రెండు కప్పులు తాగి వెళ్లారు. చివర్లో తేనె తగిలిందట!"

అతను గబగబా వెళ్లి కెటిల్ మూత తీసి చూశాడు.

"తేనేంటి నీ మొహం! లోపల పట్టిన ఉప్పునీళ్ల గార వదులుతుందని నేను కెటిల్లో సగానికి వెనిగర్ పోసి బజారుకెళ్తే, దాంతోనే కాఫీ పెట్టావా?"