ముందువి వెనక్కి, వెనకవి ముందుకి

నాలుగో చక్రం విప్పి కింద పెడుతుండగా పానా జారి ఆదిబాబు కాలి బొటనవేలి మీద పడింది.

"ఓలమ్మో!" అని అరిచాడు.

ఆ ఒక్క మాటే కొంప ముంచింది. ఎదురు క్వార్టరు గేటు కిర్రుమంది. లుంగీ ఎగ్గట్టుకుంటూ ఒక పెద్దాయన సంబరంగా రోడ్డు దాటి వచ్చాడు.

"మన తెలుగోడివా! ఏ ఊరు నాయనా?"

"టెక్కలి పక్క" అన్నాడు ఆదిబాబు, వేలు నొక్కుకుంటూ.

"నాను తవిటయ్యని. ప్లాంటులో లారీలకి చక్రాలు బిగించీ బిగించీ రిటైరయ్యాను. ఈ పికప్పుని మొన్నట్నుంచి సూత్తన్నాను. ముందు టైర్లు అంచులు అరిగిపోనాయి. ఎవులూ పట్టించుకోరేటని మనసు పీకేత్తంది. ఇయాల్టికి నీకు కుదిరిందన్నమాట!"

"అవును బాబాయ్, ఇయాలే కుదిరింది."

తెలుగునేలకి దూరంగా, లారీలు తయారుచేసే టెల్కో ప్లాంటు కాలనీలో ఆదివారం మధ్యాహ్నం. అందరూ తిని పడుకునే వేళ. లావుపాటి పికప్పు ఇటుకల మీద చతికిలబడి ఉంది. ఆదిబాబుకి బేగి పని ముగించుకు పోవాలని ఉంది. మలుపులో, తోడొచ్చిన పైడిబాబు ఆటోతో కాచుకుని ఉన్నాడు.

తవిటయ్యకి మాత్రం ఏ తొందరా లేదు.

"అయితే ఎలాగ మారుత్తావు?"

"ఏటి బాబాయ్?"

"టైర్లురా! ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చడానికే కదా ఇప్పావు? తిన్నగానా, అడ్డంగానా?"

ఆదిబాబు నోటికొచ్చింది చెప్పేశాడు. "తిన్నగానే..."

"తప్పు! బరువులు మోసే బండిది. ఇంజను జోరంతా వెనక చక్రాల మీదే. వెనకవి తిన్నగా ముందుకి రావాలి. ముందువి అడ్డం దాటి వెనక్కెళ్ళాలి. ఎడమది కుడికి, కుడిది ఎడమకి. ఊఁ, కానీ!"

దూరంగా ఆటో హారను మోగింది. ఆదిబాబు అటు చూశాడు, ఇటు చూశాడు. తవిటయ్య అప్పటికే ఒక టైరు దొర్లించుకొస్తున్నాడు. చేసేది లేక ఆదిబాబు పానా అందుకున్నాడు.

"బోల్టులు వరస పెట్టి బిగించీకు! ఎదురెదురువి బిగించాలి. నీకు నేర్పినోడెవడురా?"

నాలుగు చక్రాలూ ఎక్కాయి. ఆదిబాబు చొక్కా పిండితే బకెట్టు నిండేలా ఉంది. ఇక సెలవు తీసుకుందామని నోరు తెరిచేసరికి తవిటయ్య భార్య అమ్మణ్ణి టీ గ్లాసులతో వచ్చింది.

"ఏటయ్యా ఆ కేకలు? మన స్కూటరుకి గాలి కొట్టించమంటే నెల్నాళ్ళయింది. ఊరోళ్ళ బళ్ళకైతే పరిగెడతావు." ఆమె వంగి వెనక చక్రం కేసి చూసింది. "ఈ టైరు మీద బాణం గుర్తేటి?"

తవిటయ్య ముఖం వాడిపోయింది. కళ్ళజోడు సవరించుకుని చూశాడు.

"నాయనా, ఇవి బాణం ఉన్నవైపే తిరగాల్సిన టైర్లు. అడ్డం దాటకూడదు. నువ్వన్నట్టు తిన్నగానే మార్చాల. వెనకవి రెండూ మళ్ళీ ఇప్పు."

"పర్లేదు బాబాయ్, ఇలాగే ఉండనీ."

"ఎలాగుంటాది? వానలో జారిపోద్ది. పేణాలు పోతాయిరా!"

మలుపులో ఆటో స్టార్టయింది. ఆ చప్పుడు సాక్చి బజారు వైపు వెళ్ళి వెళ్ళి వినపడకుండా పోయింది. ఆదిబాబుకి ఏడుపొచ్చినంత పనయింది. టీ ఒక్క గుక్కలో తాగి, మళ్ళీ జాకీ ఎత్తాడు.

ఎండ తగ్గేసరికి పని పూర్తయింది. తవిటయ్య ఒక్కొక్క బోల్టూ తట్టి చూశాడు. మురిసిపోయాడు.

"ఇప్పుడు సూడు, బండి పెళ్ళికొడుకులాగుంది! ఏదీ, ఓపాలి తోలి సూపించు. చప్పుడు ఇంటాను."

"తాళం ఇంటికాడ ఉండిపోనాది బాబాయ్. తెత్తాను."

"బేగి రా! గాలి కూడా సూద్దాం."

"ఆ బాబుని రాత్రికి బోజనానికి ఉండిపొమ్మను" అంది అమ్మణ్ణి.

ఆదిబాబు మలుపు దాకా కుంటుకుంటూ నడిచాడు. మలుపు తిరిగాక పరుగెత్తాడు.

విప్పిన టైర్లను మళ్ళీ అదే బండికి బిగించి వట్టిచేతులతో ఇంటికి పోవడం, ఆదిబాబు దొంగతనాల్లో దిగాక ఇదే మొదటిసారి.